ఎన్నికల్లో తేల్చుకోమన్నారు, తేల్చుకుంటూనే ఉన్నాం

1955 సెప్టెంబరు 30న అప్పటి కేంద్ర హోంమంత్రి గోవింద్ వల్లభ్ పంత్ జీపుల కొనుగోలు కేసును మూసేస్తున్నట్టు ప్రకటించారు. ప్రభుత్వం వరకు ఈ వ్యవహారం ముగిసింది, ప్రతిపక్షానికి తృప్తి లేకపోతే దీన్ని ఎన్నికల అంశం చేసుకోవచ్చు అన్నది ఆయన మాటల సారాంశం. డెబ్బై ఏళ్లయింది. ప్రభుత్వ కొనుగోళ్లలో, కాంట్రాక్టుల్లో అవినీతి మీద మన ఎమ్మెల్యేలు, ఎంపీలు చేస్తున్న పోరాటం ఇప్పటికీ ఆయన గీసిన గీత దాటలేదని నాకనిపిస్తుంది. ప్రెస్‌మీట్ పెడతారు, గవర్నర్‌ను కలుస్తారు, సీబీఐ విచారణ అడుగుతారు, వాకౌట్ చేస్తారు. ఆఖరికి "ప్రజలే బుద్ధి చెబుతారు" అంటారు. పంత్ గారు చెప్పిందీ అదే కదా!

ఆ జీపుల కథలో మనవాళ్లకు ఒక చుట్టరికం ఉంది. 1948లో కాశ్మీర్‌లో సైన్యానికి జీపులు అర్జంటుగా కావలసి వచ్చాయి. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమేనన్ మామూలు పద్ధతులు పక్కనపెట్టి ఒక విదేశీ సంస్థతో దాదాపు 80 లక్షల రూపాయల ఒప్పందం కుదిర్చారు. డబ్బులో చాలా భాగం ముందే కట్టేశారు. చివరికి ఓడ దిగినవి 155 జీపులు, అవీ వాడుకోవడానికి పనికిరానివి. దీన్ని విచారించిన సంఘానికి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుచానూరు మనిషి, తిరుపతి నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనవారు, అధికార పార్టీవారే. ఆ సంఘం సూచనలు ఏమయ్యాయో పంత్ ప్రకటనే చెబుతోంది. 1956 ఫిబ్రవరిలో మేనన్ కేంద్ర మంత్రి అయ్యారు. మరుసటి నెలలో అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 1957లో మేనన్ ఉత్తర బొంబాయి నుంచి గెలిచి రక్షణ మంత్రి కూడా అయ్యారు. ఎన్నికల్లో తేల్చుకోమన్నారు, తేలిపోయింది. జీపులకు కట్టిన డబ్బు సంగతి మాత్రం తేలలేదు.

దీనికి ఎదురు ఉదాహరణగా అందరూ బోఫోర్స్ చెబుతారు. అక్కడ ఎన్నికల్లో ప్రభుత్వమే పడిపోయింది కాబట్టి జవాబుదారీతనం వచ్చినట్టే అని. నిజంగా వచ్చిందా?

1986 మార్చిలో స్వీడన్ కంపెనీతో 1,437 కోట్ల ఒప్పందం, 155 ఎంఎం ఫిరంగుల కోసం. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో లంచాల సంగతి బయటపెట్టింది. అప్పుడు లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం తెలుగుదేశం, 30 మంది సభ్యులు. సభలో వాళ్ల నాయకుడు ఆదిలాబాద్ ఎంపీ సి. మాధవరెడ్డి. శంకరానంద్ అధ్యక్షతన వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని ప్రతిపక్షాలు బహిష్కరించాయి. 1988 ఏప్రిల్‌లో ఆ సంఘం అంతా సవ్యంగానే ఉందన్నట్టు నివేదిక ఇచ్చింది. అన్నాడీఎంకే సభ్యుడు ఆలడి అరుణ ఒక్కరే అసమ్మతి రాశారు. 1989 జులైలో కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక సభ ముందుకొచ్చాక డెబ్బై మందికి పైగా ప్రతిపక్ష ఎంపీలు ఏకంగా రాజీనామాలు చేశారు. ఆ నవంబరులో రాజీవ్ గాంధీ ఓడిపోయారు. (అదే ఎన్నికల్లో తెలుగుదేశం కూడా ఆంధ్రప్రదేశ్‌లో చిత్తుగా ఓడి లోక్‌సభలో రెండు సీట్లకు పడిపోయింది. బోఫోర్స్ మీద దేశమంతా తిరిగిన ఎన్టీఆర్‌కు సొంత రాష్ట్రంలో ఆ ఫిరంగులు పనికిరాలేదు.)

ఆ తర్వాత జరిగింది మనం పెద్దగా గుర్తుపెట్టుకోం. లంచంగా చేతులు మారిందని ఆరోపించిన మొత్తం 64 కోట్లు. 2005లో ఢిల్లీ హైకోర్టు కమీషన్లు తీసుకున్నారన్న ఆరోపణ ఉన్న వ్యాపారులు హిందుజా సోదరుల మీద అభియోగాలు కొట్టేస్తూ, విచారణకు ప్రజాధనం 250 కోట్లు అయిందని మందలించింది. సీబీఐ ఏళ్ల తరబడి ఊరుకుని అప్పీలుకు వెళితే 2018లో సుప్రీంకోర్టు ఆలస్యం కారణంగానే కొట్టేసింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. ఎన్నికల్లో ఓడించడం వల్ల కుర్చీ మారింది, అంతే. ఫైలు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను పనుల శాఖ లెక్కల విభాగంలో చేసినవాణ్ణి. పేపర్లలో "వేల కోట్ల కుంభకోణం" అని పెద్ద అక్షరాల్లో వచ్చేది మా టేబుళ్ల దగ్గర చాలా చిన్నగా కనిపించేది. టెండరు బాక్సు దగ్గర ఏదో జరుగుతుందని బయటివాళ్లు అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక బాక్సులు ఎత్తుకెళ్లడాలు, కాంట్రాక్టర్లను గేటు దగ్గరే ఆపేయడాలు తగ్గాయి. అసలు తతంగం అంతకుముందే అయిపోతుంది. ఎస్టిమేట్‌లో. ఎస్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టికలో) రేటు ఉన్న మట్టి పనికి, కాంక్రీటుకు పెద్దగా పెంచడానికి కుదరదు, ఎవరైనా పట్టుకుంటారు. రేటు లేని ఐటమ్ ఉంటుంది చూడండి, పంపు, మోటారు, గేటు, సాఫ్ట్‌వేర్... అక్కడ "మార్కెట్ రేటు" అని రాస్తారు. ఆ మార్కెట్ ఎక్కడుందో రాయరు. తర్వాత అర్హత నిబంధనలు. "గత అయిదేళ్లలో ఇంత సామర్థ్యం గల ఇలాంటి పని చేసి ఉండాలి" అని ఒక వాక్యం చేర్చితే బరిలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వాళ్లు రింగవడానికి, అంటే కుమ్మక్కవడానికి, ఒక టీ చాలు. ఆ పైన టెండరు ఎంత పారదర్శకంగా జరిగినా, ఆన్‌లైన్‌లో తెరిచినా, ఎస్టిమేట్ కంటే అర శాతం తక్కువకు ఇచ్చామని కాలరెగరేసినా లాభం లేదు. పెంచాల్సింది ముందే పెంచేశారు.

దీన్ని పట్టుకునేది ఏజీ (అకౌంటెంట్ జనరల్, అంటే రాష్ట్రంలో కాగ్ తరఫు అధికారి) ఆఫీసు ఆడిట్ పార్టీ. వాళ్లొస్తే మూల గదిలో ఓ టేబుల్, ఫ్యాను, ఫైళ్ల కట్టలు. వాళ్లిచ్చే మెమోను హాఫ్ మార్జిన్ అంటాం. కాగితంలో సగం ప్రశ్న, సగం ఖాళీ, జవాబు ఆ ఖాళీలో రాయాలి. "ఈ పరికరం ధరకు తయారీదారుల నుంచి కొటేషన్లు తీసుకున్నారా? తీసుకుంటే నకళ్లు చూపగలరు" అని ఎడమవైపు ఉంటుంది. కుడివైపు మేం రాసేది ఎక్కువగా ఒకటే: "రికార్డులు పరిశీలించి తెలియజేయబడును." ఈ వాక్యానికి ఉన్న బలం ఏ కాంట్రాక్టర్‌కూ, ఏ మంత్రికీ లేదు. ఆ మెమో పేరా, అంటే ఆడిట్ అభ్యంతరం, అవుతుంది, పేరా ముసాయిదా అవుతుంది, ముసాయిదా కాగ్ నివేదికలో చేరుతుంది, ఆ నివేదిక సభలో పెట్టడానికి ఇంకో ఏడాదో రెండేళ్లో. సాధారణంగా సమావేశాల ఆఖరి రోజు, చర్చకు టైం లేనప్పుడు. మర్నాడు పేపర్లో వార్త, రెండు రోజులు రచ్చ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు, ఇక్కడ ఆరేళ్లకు.

ఆ ఆరేళ్లలో ఏమవుతుందో పెన్షన్ నిబంధనలు చదివినవాళ్లకు తెలుసు. 1980 పెన్షన్ నిబంధనల్లో తొమ్మిదో నిబంధన ప్రకారం ఉద్యోగి రిటైరయ్యాక కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టాలంటే, ఆ సంఘటన అప్పటికి నాలుగేళ్ల లోపుదై ఉండాలి. అంటే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టిన పెద్ద ఇంజనీరు రిటైరై, ఆ సంతకానికి నాలుగేళ్లు దాటిపోతే శాఖ తరఫున కొత్తగా ఎవరూ ఏమీ అనలేరు. క్రిమినల్ కేసు పెట్టొచ్చు, నిజమే. దానికెన్నేళ్లు పడుతుందో బోఫోర్స్‌లో చూశాం. అందుకే కొనుగోళ్ల విషయంలో ఆలస్యంగా వచ్చిన జవాబుదారీతనం ఎవరికీ తగలదు. శాసనసభ్యులు నిజంగా లెక్క అడగదలిస్తే అడగాల్సిన చోటు, అడగాల్సిన సమయం రెండూ వేరు.

ఆ చోటు ప్రజా పద్దుల కమిటీ. పీఏసీ. పేరు వింటేనే ఆవలింత వస్తుంది, అదే దాని మంచితనం. మంత్రి రారు, మైకు ఉండదు, శాఖ కార్యదర్శి వచ్చి కూర్చోవాలి. కాగ్ పేరా చదివి, "కొటేషన్ ఉందా లేదా" అని ఓ ఎమ్మెల్యే అడిగితే "పరిశీలించి తెలియజేయబడును" అని రాసినంత తేలిగ్గా నోటితో అనలేరు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, పక్కనే ఏజీ ఆఫీసువాళ్లూ ఉంటారు. బ్రిటన్‌లో 1861లో ఇలాంటి కమిటీ వేసి అధ్యక్షత ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ చేసుకున్నారు. మన పార్లమెంటులో 1967లో స్వతంత్ర పార్టీకి చెందిన మినూ మసానీతో ఆ ఆనవాయితీ మొదలైంది. అధికార పార్టీవారే విచారిస్తే జీపుల కథలా ముగుస్తుందని తెలిసొచ్చాకే కావచ్చు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఆ కుర్చీకి పట్టిన గతి చూద్దాం.

తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. కాంగ్రెస్ ఆరుకు పడిపోయింది. ఏడుగురున్న మజ్లిస్ పెద్దదైంది, అక్బరుద్దీన్ ఒవైసీ పీఏసీ అధ్యక్షులయ్యారు. ఒవైసీ చురుకైన శాసనసభ్యుడే, ఆ మాట కాదనను. కానీ ప్రభుత్వానికి మిత్రపక్షంగా పేరున్న పార్టీ చేతికి ప్రతిపక్ష కుర్చీ వెళ్లింది. కాంగ్రెస్ గగ్గోలు పెట్టింది. 2024 సెప్టెంబరులో అదే కాంగ్రెస్ అధికారంలో ఉండగా, బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ కండువా కప్పుకున్న అరికెపూడి గాంధీని పీఏసీ అధ్యక్షుణ్ణి చేశారు. రికార్డుల్లో ఆయన ఇంకా బీఆర్ఎస్ సభ్యుడేనని సమర్థించుకున్నారు. ఈసారి గగ్గోలు బీఆర్ఎస్‌ది. మూడు రోజుల తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి ఇంటి దగ్గర జరిగిన గొడవ టీవీల్లో అందరం చూశాం. ఆ రచ్చలో పెండింగ్ ఆడిట్ పేరాల గురించి ఒక్కరైనా ఒక్క ముక్క అన్నట్టు నాకు గుర్తులేదు.

ఆంధ్రప్రదేశ్‌ది ఇంకో దారి. 2024లో వైసీపీకి 175లో 11 మంది. పదో వంతు లేదు కాబట్టి ప్రతిపక్ష హోదా లేదు అన్నారు. దానికీ పీఏసీకీ సంబంధమే లేదు. 1985లో తెలుగుదేశానికి లోక్‌సభలో పదో వంతు లేదు, అయినా కర్నూలు ఎంపీ ఇ. అయ్యపురెడ్డి పీఏసీ అధ్యక్షులయ్యారు. 2014లో కాంగ్రెస్‌కు 44 మందే, హోదా రాలేదు, పీఏసీ మాత్రం కె.వి. థామస్‌కు, తర్వాత ఖర్గేకు వచ్చింది. అసెంబ్లీ నుంచి కమిటీకి తొమ్మిది మందిని దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు. ఓటింగ్ దాకా వెళితే ఒక్క సీటుకు 18 ఓట్లు కావాలి. ఇన్నాళ్లూ ఓటింగ్ లేకుండా మాట్లాడుకుని ఇచ్చేసేవారు. ఈసారి ఓటింగ్ పెట్టారు. వైసీపీ నామినేషన్ వేసి, బహిష్కరించింది. ప్రభుత్వంలో భాగస్వామి అయిన జనసేన నుంచి పులపర్తి రామాంజనేయులు అధ్యక్షులయ్యారు. లెక్క ప్రకారం తప్పులేదు. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే గడప వాళ్లయ్యారు, అంతే. ఇటు వైసీపీ సభ్యులు అసెంబ్లీకే సరిగ్గా వెళ్లడం లేదు. సభకు వెళ్లకుండా ప్రెస్‌మీట్లో లెక్కలడిగేవాళ్ల మీద నాకు సానుభూతి తక్కువ.

ఆంధ్రప్రదేశ్ పీఏసీ గురించి ఇంకో విచిత్రం ఉంది. బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి 2019కి ముందు పీఏసీ అధ్యక్షులు, ఆ తర్వాత ఆర్థికమంత్రి. పయ్యావుల కేశవ్ 2019 నుంచి పీఏసీ అధ్యక్షులు, 2024లో ఆర్థికమంత్రి. 2021 జులైలో కేశవ్ గవర్నర్‌ను కలిసి దాదాపు 41 వేల కోట్ల చెల్లింపులకు సరైన లెక్కల్లేవని ఫిర్యాదు చేస్తే, సమాధానం చెప్పింది బుగ్గన! లెక్కలడగడం ఎలాగో బాగా తెలిసిన ఇద్దరు, ఒకరు అటు, ఒకరు ఇటు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కానీ ఆ వాదన కమిటీ గదిలో వోచర్లు ముందు పెట్టుకుని జరగలేదు, కెమెరాల ముందు జరిగింది. పీఏసీ అధ్యక్షుడే గవర్నర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందంటే ఆ కమిటీకి మిగిలిన పస ఎంతో అర్థమవుతుంది.

మీరు అనొచ్చు, కుర్చీ ప్రతిపక్షానికి ఇచ్చేస్తే అన్నీ చక్కబడతాయా అని. బడవు. కాళేశ్వరం పనులు మొదలైన రోజుల్లో తెలంగాణ పీఏసీ కాంగ్రెస్ చేతుల్లోనే ఉంది, ఏమీ ఆగలేదు. ఎందుకంటే పేరా వస్తే గానీ కమిటీ కదలదు, పేరా రావడానికి ఏళ్లు పట్టింది. అసలు 2016 మార్చి 31న ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో ప్రాజెక్టుల రీడిజైన్ మీద పవర్‌పాయింట్ ఇస్తే, సభలో ప్రజెంటేషన్లేమిటని కాంగ్రెస్ బహిష్కరించింది. అభ్యంతరంలో న్యాయం ఉండొచ్చు. కానీ ఖర్చు, ఎత్తు, పంపుల సామర్థ్యం గురించి అక్కడికక్కడే నిలదీసే రోజు అదే. అధికార పక్షం ప్రశ్నలు లేని సభలో రెండు మూడు గంటలు మాట్లాడుకుంది.

కమిటీలు పార్టీల వారీగా చీలిపోతాయన్నదీ నిజమే. 2011లో 2జీ స్పెక్ట్రం కేటాయింపుల మీద అప్పటి పార్లమెంటు పీఏసీ అధ్యక్షుడు మురళీ మనోహర్ జోషి తయారుచేసిన ముసాయిదాను పీఏసీలోనే మెజారిటీ సభ్యులు తిరస్కరించారు. నాయకుల కన్నా జడ్జీలు నయం అనేవాళ్లూ ఉన్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ వంద కోట్లు దాటిన టెండర్లను రిటైర్డ్ హైకోర్టు జడ్జికి ముందే చూపించాలని చట్టం చేసింది, తక్కువ ధర వచ్చాక దానికన్నా తగ్గించమని మళ్లీ పోటీ పెట్టే రివర్స్ టెండరింగ్ తెచ్చింది. ఉద్దేశం బాగుంది. కానీ ఆ మొత్తం ఏర్పాటులో ఎన్నికైన సభకు ఏ పాత్రా లేదు, ప్రభుత్వం మారగానే 2024లో రివర్స్ టెండరింగ్ రద్దయింది. ఒక ప్రభుత్వం సొంతంగా పెట్టుకున్నది మరో ప్రభుత్వం తీసేస్తుంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం సభ ముందుకు వచ్చే కాగ్ నివేదికను ఎవరూ తీసేయలేరు. అందుకే నా పట్టు అక్కడే.

నేనైతే రెండు మార్పులు అడుగుతాను. పీఏసీ విచారణలు తలుపులు తెరిచి జరపాలి. బ్రిటన్‌లో అలాగే జరుగుతాయి, కెమెరాలు కూడా ఉంటాయి. కోవిడ్ కాలంలో కొన్న పీపీఈ కిట్లలో నాలుగు వందల కోట్ల పౌండ్ల సరుకు వాడకానికి పనికిరాదని, దాన్ని తగలబెట్టాల్సి వస్తోందని 2022 జూన్‌లో వాళ్ల పీఏసీయే రాసింది. ఆ కమిటీలో అధికార పార్టీ సభ్యులే ఎక్కువ. అందరూ చూస్తుంటే సొంత పార్టీవాడైనా వెకిలి సమాధానం ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుపడతాడు. రెండోది, కాగ్ నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా, పెద్ద కాంట్రాక్టుల విషయంలో ఎస్టిమేట్ల మీద ఏజీ వేసిన ప్రశ్నలూ శాఖ ఇచ్చిన జవాబులూ కమిటీకి ఎప్పటికప్పుడు వెళ్లాలి. హాఫ్ మార్జిన్ కాగితం ఎమ్మెల్యే చేతిలో పడాలి. దీని గురించి మాట్లాడితే ఓ పాత సహోద్యోగి నవ్వాడు, "వాళ్ల బంధువులే కాంట్రాక్టర్లు గదయ్యా" అని. కొన్నిచోట్ల అది నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎదుటి పార్టీవాడి బంధువు గురించి అడగడానికి మాత్రం ఎవరూ మొహమాటపడరని ఒక ఆశ.

కాళేశ్వరం సంగతి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి, ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక సభలోకి వచ్చింది. ఖర్చు లక్షా 47 వేల కోట్లు దాటవచ్చని, పెట్టిన రూపాయికి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అందులో ఉంది. నన్ను ఆపేసింది ఇంకో పేరా. పంపులు, మోటార్ల ధరల వల్ల నాలుగు ప్యాకేజీల్లోనే కనీసం 2,684 కోట్ల మేర కాంట్రాక్టర్లకు అనుచిత లబ్ధి చేకూరి ఉండవచ్చని. రేటు లేని ఐటమ్, మళ్లీ అదే! జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ కమిషన్ 2025 జులైలో నివేదిక ఇచ్చింది, ఆగస్టు ఆఖరున అసెంబ్లీలో చర్చించి సీబీఐకి ఇస్తామన్నారు. ఆరోపణలన్నీ రాజకీయ కక్ష అని బీఆర్ఎస్ అంటోంది, కోర్టుకూ వెళ్లింది. ఎవరిది నిజమో నేను తేల్చలేను.

కమిషన్ రిపోర్టు మీద సభలో గంటల తరబడి మాట్లాడారు. పంపుల పేరా మీద శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి "ఈ ధర ఎక్కడి నుంచి తెచ్చారు" అని అడగాల్సింది మాత్రం పీఏసీ. ఆ కమిటీ అధ్యక్షుడు ఏ పార్టీవాడో ఆ పార్టీలే ఒప్పుకోని పరిస్థితి. ధర సరైనదే అని ఆ కమిటీ తేల్చినా కాంగ్రెస్ నమ్మదు, తప్పు అని తేల్చినా బీఆర్ఎస్ నమ్మదు. ఈలోగా ఆ ఎస్టిమేట్ల మీద సంతకాలు పెట్టినవాళ్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు.